ఢిల్లీకి అమ్మ నడకే కొలత

మా సదాశివనగర్‌లో బస్సు కోసం నిలబడే చోటు 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే. ఇటు తిరిగితే కామారెడ్డి, హైదరాబాదు, ఇంకా పోతే కన్యాకుమారి. అటు తిరిగితే ఇందల్వాయి, ఆర్మూరు, నిర్మల్, ఆదిలాబాదు, నాగపూరు, ఝాన్సీ, గ్వాలియరు, ఆగ్రా, ఆపైన ఢిల్లీ. 2010కి ముందు దీన్ని ఏడో నంబరు రోడ్డు అనేవాళ్లం. అప్పుడది కాశీ నుంచి కన్యాకుమారి దాకా. నంబరు మారాక కాశీ రోడ్డు కాస్తా ఢిల్లీ రోడ్డు అయింది. పంజాబు, హర్యానా లారీలు రాత్రంతా మా ఊరు దాటుతూనే ఉంటాయి. ఆ చప్పుడులోనే మేం నిద్రపోతాం. అయినా ఢిల్లీని చూడ్డానికని పోయి చూసొచ్చినవాళ్లు ఊళ్లో ఎందరంటే చేతివేళ్లు చాలు.

మా దిక్కు పట్నానికి పోవడమంటే పని మీద పోవడమే. కోర్టు, ఆస్పత్రి, పిల్లల చదువు, లేకుంటే గల్ఫ్. మస్కట్, రియాద్, కువైట్, అబుదాబి వంటి ఆసియా రాజధానుల పేర్లు ఇక్కడ చదువురాని ముసలమ్మలకు కూడా తెలుసు, ఎందుకంటే కొడుకో అల్లుడో అక్కడ పనిచేసి ఉంటాడు. ఆ ఊళ్లలో సెంట్రింగ్ కొట్టినవాళ్లు, ఇటుకలు మోసినవాళ్లు మాకు ఎందరో ఉన్నారు. ఆ ఊళ్లను తీరిగ్గా తిరిగి చూసినవాళ్లు తక్కువ. వాళ్ల మాటల్లో ‘ఛుట్టీ’ అంటే ఇంటికి రావడం. ‘ఫలానాయన ఛుట్టీ మీద వచ్చిండు’ అంటారు. కష్టానికి పెద్ద ఊరు, ఛుట్టీకి సొంతూరు. అందుకే ఛుట్టీకని ఇంటిల్లిపాదీ పెద్ద ఊరికి బయలుదేరడం మనకింకా చేతకావడం లేదు. పోయినా గుత్త పని పట్టినట్టు పోతాం. పొద్దున ఐదింటికి లేవాలి, చీకటి పడేలోపు ఇన్ని చోట్లు అయిపోవాలి, పెట్టిన పైసలు గిట్టాలి.

ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒక్కటే. చూడాల్సిన చోట్ల జాబితా తర్వాత రాసుకోండి. మీ వెంట వచ్చేవాళ్లలో అందరికంటే నెమ్మదిగా నడిచే మనిషి ఎవరో ముందు తేల్చుకోండి. ఆ మనిషి ఎంతసేపు నడుస్తారు, ఎక్కడ కూర్చుంటారు, ఏం తింటారు, ఏ వేళకు అలిసిపోతారు అన్నదాని మీదే మొత్తం ప్రయాణం కట్టుకోండి. దీన్ని నేను ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. మా నాన్నకు ఎర్రకోట చూపించలేకపోయి నేర్చుకున్నాను.

2017 డిసెంబరులో అమ్మను, నాన్నను, భార్యాపిల్లలను తీసుకుని మొదటిసారి ఢిల్లీ పోయాం. ఒక టూర్ల ఏజెంటు చేతిలో అన్నీ పెట్టాను. డిసెంబరు చివర్లో ఉత్తరాదిన పొగమంచు ఎలా ఉంటుందో నాకు తెలియదు. రైలు ఏడు గంటలు ఆలస్యమైంది. ఆదివారం పొద్దున దిగాల్సినవాళ్లం మధ్యాహ్నం దాటాక దిగాం. సోమవారం పొద్దున్నే బస్సెక్కించారు. కాగితం మీద తొమ్మిది చోట్లున్నాయి. మొదటిది ఎర్రకోట.

నాన్న వ్యవసాయదారుడు. ఆగస్టు 15 నాడు ఎర్రకోట మీది ప్రసంగాన్ని ఏళ్లతరబడి రేడియోలో విన్న మనిషి. టీవీ వచ్చాక ఆ రోజు పొద్దున పొలానికి పోకుండా దాని ముందే కూర్చునేవాడు. ఆ జెండా ఎగిరే చోటు లోపలికి పోవాలన్నది ఆయన కోరిక. బస్సు దిగి చూస్తే గేటు మూసి ఉంది. సోమవారం ఎర్రకోటకు సెలవు. ఏజెంటు మనిషి ‘బయట నుంచి ఫొటో దిగండి’ అన్నాడు. నాన్న కంచె పట్టుకుని చాలాసేపు అటే చూసి, ‘మల్ల వచ్చినప్పుడు చూద్దాం తియ్’ అన్నాడు. ఆ మధ్యాహ్నం లోటస్ టెంపుల్ మూసి ఉంది, సాయంత్రం అక్షరధామ్ మూసి ఉంది. అవీ సోమవారం తెరవరు. కుతుబ్ మినార్ దగ్గరికి చేరేసరికి అమ్మకు మోకాళ్లు పట్టేశాయి, బస్సులోనే కూర్చుంది. 2020లో నాన్న పోయాడు.

ఎర్రకోటకు సోమవారం సెలవన్నది దాచిపెట్టిన రహస్యమేమీ కాదు. ఒక్క ఫోను చేసి ఉంటే తెలిసేది. నేను ఆ ఫోను చేయలేదు.

అందుకే రోజుల సంగతి ముందే చెబుతున్నాను. ఢిల్లీలో సోమవారం మూసి ఉండేవి: ఎర్రకోట, అక్షరధామ్, లోటస్ టెంపుల్, నేషనల్ మ్యూజియం, గాంధీజీ చివరి రోజులు గడిపిన ఇంట్లో ఉన్న గాంధీ స్మృతి, తీన్ మూర్తిలోని ప్రధానమంత్రి సంగ్రహాలయ్. రాష్ట్రపతి భవన్ చూడ్డానికి కూడా సోమవారం పోనివ్వరు. ఆగ్రా తాజ్ మహల్‌కు సెలవు శుక్రవారం. మరి సోమవారం ఢిల్లీలో ఉంటే ఏం చేయాలి? హుమాయూన్ సమాధి, కుతుబ్ మినార్, ఇండియా గేట్, 2019లో దాని వెనక కట్టిన జాతీయ యుద్ధ స్మారకం తెరిచే ఉంటాయి. జనవరి 26కు, ఆగస్టు 15కు ముందు కొన్నాళ్లు ఎర్రకోట చుట్టుపక్కల, కర్తవ్యపథ్ దగ్గర కట్టుబాట్లు ఎక్కువ. ఆ వారాలు వదిలేయడం మేలు.

రెండోసారి 2023 ఫిబ్రవరిలో పోయాం. ఈసారి ఏజెంటు లేడు, అమ్మ ఉంది. అప్పటికి ఆమెకు 66 ఏళ్లు. ‘నాకెందుకు బిడ్డా ఢిల్లీ, మీరు పోయి రాండ్రి’ అంది. ఆ మాట విని చాలామంది కొడుకులు ఊరుకుంటారు. పెద్దవాళ్లు వద్దన్నది ప్రయాణాన్ని కాదని, పోయినసారి పడ్డ కష్టాన్నని అర్థం చేసుకోవాలి. మా ఆవిడ అసలు సంగతి పట్టుకుంది. ‘అత్తమ్మా, ఈసారి మీరెంత నడిస్తే అంతే చూద్దాం. మీరు చాలంటే చాలు’ అంది. అమ్మ అప్పుడు ఒప్పుకుంది.

అమ్మ ఎంత నడుస్తుందో నిజంగా మాకెవరికీ తెలియదు. ఇంట్లో, పొలంలో ఆమె నడక వేరు. రాళ్లు పరిచిన దారిలో, మెట్ల మీద, జనంలో నడక వేరు. అందుకని ఢిల్లీకి ముందు దోమకొండ పోయాం. మా జిల్లాలోనే ఉన్న సంస్థానపు కోట అది. వంశస్థులు బాగుచేయించుకుంటే 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో ఒకటి వచ్చింది. కోట చూశాం, లోపలి మహదేవుని గుడిలో దండం పెట్టుకున్నాం. నేను మాత్రం గడియారం చూసుకుంటూ ఉన్నాను. అమ్మ 25 నిమిషాలు బాగా నడిచింది. తర్వాత మాట తగ్గింది, చెయ్యి గోడ మీదికి పోయింది. ఓ పావుగంట కూర్చున్నాక మళ్లీ 20 నిమిషాలు నడిచింది. రెండోసారి కూర్చున్నాక ఇక లేవబుద్ధి కాలేదు. మెట్లు ఎక్కడం కంటే దిగడం ఆమెకు ఎక్కువ కష్టం. ఆ ఒక్క పూటలో ఢిల్లీ ప్రయాణం ఎట్లా ఉండాలో మాకు తెలిసిపోయింది. పొద్దున ఒక్క చోటు. మధ్యాహ్నం గదికి వచ్చి పడక. సాయంత్రం మెట్లు లేని, కూర్చునే జాగా ఉన్న ఇంకొక చోటు. అంతకుమించి రోజుకు ఏమీ లేదు.

మీరూ ఈ పని చేయండి. మీ జిల్లాలో ఏదో ఒక కోట, గుట్ట, ప్రాజెక్టు ఉండే ఉంటుంది. పెద్దవాళ్లను, చంటిపిల్లలను తీసుకుని ఒక పూట తిరిగి రండి. చెప్పులు కరుస్తాయా, బాత్రూముకు ఎంతసేపటికోసారి పోవాలి, ఎండకు తల తిరుగుతుందా అన్నవి ఇంటి దగ్గరే తేలిపోతాయి.

ఇక ఎప్పుడు పోవాలన్న మాట. ఉద్యోగస్తులు స్కూలు సెలవులు చూసుకుంటారు, మేం నీళ్లు చూసుకోవాలి. ఢిల్లీకి ఏప్రిల్ నుంచి జూన్ దాకా పోవద్దు, ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది. జులై, ఆగస్టుల్లో వాన, ఉక్క. దీపావళి నుంచి నవంబరు చివరిదాకా పొగతో గాలి పాడవుతుంది, ఆయాసం ఉన్నవాళ్లకు అది ప్రమాదమే. డిసెంబరు ఆఖరు, జనవరి పొగమంచు. మిగిలినవి అక్టోబరు మొదటి సగం, ఫిబ్రవరి నుంచి మార్చి మధ్య వరకు. అక్టోబరులో మాకు బతుకమ్మ. సద్దుల బతుకమ్మ నాడు ఇల్లు వదిలి పోదామంటే మా ఇంట్లో ఆడవాళ్లెవరూ కదలరు, కదలకూడదు కూడా. దసరాకు జమ్మి పెట్టుకున్న మర్నాడు బయలుదేరవచ్చు కానీ, ఆ వెంటనే వానాకాలం వరికోతలు మొదలవుతాయి. ఫిబ్రవరిలో యాసంగి నాట్లు అయిపోయి ఉంటాయి. పొలం పచ్చగా నిలబడి ఉంటుంది, నీళ్లు పెట్టే మనిషొకరుంటే చాలు. మా పక్క పొలం ఆయన పెళ్లికి పోయినప్పుడు మేం ఆయన మడికి నీళ్లు కట్టాం. ఈసారి మా మోటారు ఆయన చూసుకుని ఆ బదులు తీర్చాడు. పిల్లలకు ఐదు రోజులు బడి పోయింది. ఎనిమిదో తరగతి పాపకు, ఆరో తరగతి బాబుకు అది పెద్ద నష్టం కాదు. పదో తరగతి అయితే నేనే ఆగేవాణ్ని.

పైసల గురించి రెండు మాటలు. ప్రయాణానికి సంఘం లోను తీయొద్దు, చేబదులు తేవొద్దు. మేం 20 నెలల చిట్టీ వేసి, బయలుదేరే నెలకు అందేలా చూసుకున్నాం. అందులోంచి ‘అమ్మ ఆటో పైసలు’ అని ఒక కవరులో వేరుగా పెట్టాం. ఎందుకంటే పరాయి ఊళ్లో మూడు వందలు మిగులుతాయని పెద్దవాళ్లను కిలోమీటరు నడిపించే గుణం మనందరిలో ఉంది. ఆ కవరు అందుకే పెట్టాం కాబట్టి, ఖర్చుపెట్టడానికి చెయ్యి వెనక్కి రాలేదు. పురావస్తు శాఖ కట్టడాలకు మనదేశం వాళ్ల టికెట్టు మనిషికి యాభై రూపాయలు అటూ ఇటూ. 15 ఏళ్లలోపు పిల్లలకు టికెట్టే లేదు. అసలు ఖర్చంతా గదికి, బళ్లకు, తిండికి.

రైలు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఇక్కడే చాలామంది పెద్దవాళ్లకు పై బెర్తు తెచ్చిపెడతారు. మా దిక్కు నుంచి రెండు దారులున్నాయి. సికింద్రాబాదు పోయి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కడం ఒకటి. వెనక ఏపీ ఎక్స్‌ప్రెస్ అన్నది ఇదే. కాజీపేట, నాగపూరు, భోపాల్ మీదుగా సుమారు 1,670 కిలోమీటర్లు పోయి మర్నాడు న్యూఢిల్లీలో దింపుతుంది. రెండోది కామారెడ్డిలోనో నిజామాబాదులోనో రైలెక్కి నాందేడ్ చేరి, అక్కడ అమృత్‌సర్ పోయే సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టుకోవడం. అదీ న్యూఢిల్లీ మీదుగానే పోతుంది. నాందేడ్ గురుద్వారా కూడా చూసుకోవాలనుకుంటే ఈ దారి మంచిది. మేం సికింద్రాబాదులో చుట్టాలింట్లో ఒక రాత్రి నిద్ర చేసి పొద్దున రైలెక్కాం. అప్పట్లో 120 రోజుల ముందు రిజర్వేషన్ తెరిచేవాళ్లు. 2024 నవంబరు 1 నుంచి అది 60 రోజులైంది. కాబట్టి ఫిబ్రవరి ప్రయాణమంటే డిసెంబరులోనే, బుకింగు తెరిచిన పొద్దునే కూర్చోవాలి. తత్కాల్ మీద ఆశ పెట్టుకుని ఇంటిల్లిపాదిని బయలుదేరదీయొద్దు.

కింది బెర్తు కోటా 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు ఉంది. అయితే అది టికెట్టు మీద వాళ్లొక్కరే ఉన్నప్పుడు, లేదా అట్లాంటివాళ్లే ఇద్దరున్నప్పుడు వర్తిస్తుంది. ఐదుగురం కలిసి ఒకే టికెట్టు తీసుకుంటే కంప్యూటరు ఆ కోటా చూడదు, ఏ బెర్తు వస్తే అది ఇస్తుంది. అందుకని అమ్మకు విడిగా ఒక టికెట్టు తీశాం, మిగతా నలుగురికి ఒకటి. అమ్మకు కింది బెర్తు వచ్చింది. పెట్టె వేరైతే బాగుండదు కాబట్టి రెండూ ఒకే తరగతిలో, ఒకదాని వెంట ఒకటి వెంటనే బుక్ చేయాలి. మాకు అదే పెట్టెలో నాలుగు వరసల అవతల దొరికాయి. సర్దుకోమని అడిగితే ఒక కుర్రాడు సంతోషంగా మారాడు.

ఆదివారం దిగాం. ఆ రోజు ఏమీ చూడలేదు. స్నానాలు, భోజనం, నిద్ర. సాయంత్రం పిల్లల్ని మెట్రో ఎక్కించి తిప్పుకొచ్చాను. ప్రయాణం చేసిన రోజు చూసే దేనినీ పెద్దవాళ్లు గుర్తుపెట్టుకోలేరు, గుర్తుండేది నొప్పి ఒక్కటే.

సోమవారం పొద్దున హుమాయూన్ సమాధి. పోయినసారి తెలియక పోగొట్టుకున్న సోమవారాన్ని ఈసారి తెలిసి వాడుకున్నాం. 1570 ప్రాంతంలో పూర్తయిన కట్టడం, తాజ్ మహల్‌కు అక్కలాంటిది. 1857లో ఆఖరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్‌ను ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నది ఇక్కడే. గేటు దాటాక నడక చాలానే ఉంది. అసలు కట్టడం ఎత్తైన అరుగు మీద ఉంటుంది, దాని మెట్లు నిటారుగా, పొడుగ్గా ఉంటాయి. అమ్మ వాటిని కింది నుంచి పైదాకా చూసింది. ‘మీరు పోండ్రి. నేను గీడ కూసుంట’ అంది. పోయినసారయితే నేను బతిమాలేవాణ్ని, చెయ్యి పట్టుకుని ఎక్కించేవాణ్ని. ఈసారి పిల్లల్ని, వాళ్లమ్మను పైకి పంపి నేను అమ్మ పక్కన తోటలో కూర్చున్నాను.

ఆ తోట నాలుగు పలకలుగా ఉంటుంది, మధ్యమధ్య సన్నటి రాతి కాలువలు. జానెడు లోతు కూడా ఉండవేమో. వాటిలో నీళ్లు కదిలీ కదలనట్టు పోతుంటాయి. అమ్మ కొంచెంసేపు ఊరికే చూసింది. తర్వాత రాలిన ఒక ఎండుటాకు తీసి నీళ్లలో వేసింది. అది నెమ్మదిగా జరిగింది. ఆకు వెంట అమ్మ చూపు జరిగింది. ఇంకో కాలువ కలిసే చోట ఆకు ఒక్క క్షణం ఆగి, తిరిగి, ముందుకే పోయింది.

‘గీ కాల్వ పెట్టినోడు మస్తు పనోడు బిడ్డా’ అంది. ‘వాలు ఉన్నట్టే కొడుతలేదు. నీళ్లు మాత్రం ఏడ నిలుస్తలెవ్వు.’

అమ్మ పుట్టిల్లు బాన్సువాడ వైపు, నిజాంసాగర్ ఆయకట్టు. అదీ కాలువ చివరి పొలాలు. పై మడుల వాళ్లు వదిలితే తప్ప నీళ్లు రాని చోటు. చిన్నప్పుడు రాత్రిపూట కందిలి పట్టుకుని తండ్రి వెంట నీళ్లకు కావలి పోయేదట. కాలువలో ఎక్కడ మట్టి పేరుకుంటుంది, ఏ ఒడ్డు కోసుకుపోతుంది, పార ఎక్కడ వేస్తే నీళ్లు తమ మడికి తిరుగుతాయి అని ఆ సమాధి ముందు కూర్చుని చెబుతూ పోయింది. నాకు 44 ఏళ్లు వచ్చినా అందులో సగం నేను ఎన్నడూ వినలేదు. ఆగాఖాన్ ట్రస్టు వాళ్లు 2003లో ఈ తోటను బాగుచేసినప్పుడు కాలువలకు 40 మీటర్లకు ఒక్క సెంటీమీటరు వాలు పెట్టారు. ఆ సంగతి నేను చదివి ఉన్నాను కాబట్టి చెప్పాను. అమ్మ తలాడించి, ‘గంతే ఉంటది’ అంది, తన అంచనా సరిపోయినట్టు. నిజాంసాగర్ పూర్తయిందీ, కొత్త ఢిల్లీని రాజధానిగా ప్రారంభించిందీ ఒకే ఏడు, 1931. ఆ మాట చెబితే మాత్రం ఆమెకు పెద్ద పట్టింపు లేకపోయింది. కాలువ మీదే ఉంది మనసు.

పిల్లలు దిగివచ్చేసరికి గంట దాటింది. ఆ గంటలో పక్కనే ఇంకో చోటు చూసేసి ఉండవచ్చని లెక్క వేసేవాళ్లుంటారు. వాళ్లతో నేను వాదించను. కానీ ఆ గంట దొరకాలనే ఆ రోజు ఇంకో చోటు పెట్టుకోలేదు.

మంగళవారం ఎర్రకోట. షాజహాన్ 1639లో మొదలుపెట్టి 1648లో పూర్తిచేయించిన కోట. ఆటోలో లాహోరీ దర్వాజా వీలైనంత దగ్గర దాకా పోయాం. అమ్మ గేటు ముందు ఆగి, తలెత్తి జెండా దిక్కు చూసి, కొంగు సర్దుకుని లోపలికి నడిచింది. ఏమీ అనలేదు, నేనూ ఏమీ అడగలేదు. లోపల కప్పు వేసిన బజారు ఉంది, ఛత్తా చౌక్. అక్కడ మా పాపకు గాజులు కొంది. లోపలి మహళ్ల మధ్య నుంచి పోయే నహ్రె బిహిష్త్ అనే పాలరాతి కాలువ దగ్గర మాత్రం నిలబడిపోయింది. పేరుకు స్వర్గపు కాలువ, ఎండిపోయి ఉంది. ‘గిండ్ల నీళ్లెందుకు లెవ్వు?’ అని అక్కడి కాపలా మనిషిని అడగమంది. అడిగాను. హిందీలో ఆయనేం చెప్పాడో కానీ, అమ్మకు తృప్తి కలగలేదు.

హిందీ అంటే గుర్తొచ్చింది. మన దక్కనీ ఉర్దూ వచ్చినవాళ్లు ఢిల్లీలో భయపడాల్సిన పనిలేదు. ‘నక్కో’ అంటే వాళ్లకు అర్థం కాదు, ‘నహీ’ అనాలి. ‘కైకు’ బదులు ‘క్యోం’. మిగతాది జరిగిపోతుంది.

బుధవారం మేం రాష్ట్రపతి భవన్ తోట, అమృత్ ఉద్యాన్ చూశాం. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో జనానికి తెరుస్తారు, టికెట్టు లేదు, ముందుగా ఆన్‌లైన్‌లో సమయం తీసుకుంటే వరస తగ్గుతుంది. గురువారం తీన్ మూర్తిలో ప్రధానుల సంగ్రహాలయ్. 2022 ఏప్రిల్‌లో తెరిచారు. అక్కడ మన పీవీ నరసింహారావు గారి గది ముందు మా బాబు చదువుకుంటూ నిలబడ్డాడు, మా పక్క కరీంనగర్ దిక్కు మనిషని వాడికి గర్వం. దారిలో ఇండియా గేట్ దగ్గర హైదరాబాద్ హౌస్ కనబడింది. చివరి నిజాం కోసం లుటియెన్స్ గీసిచ్చిన భవనం. లోపలికి పోనివ్వరు, విదేశీ అతిథులకు అక్కడ విందులిస్తారు. ‘మా నాయిన శిస్తు కట్టింది గీ ఇంటికేనా’ అంది అమ్మ, ఆటోలోంచి వంగి చూస్తూ. సాయంత్రాలు మాత్రం రెండు రోజులు ఇండియా గేట్ పచ్చికలోనే గడిపాం. మళ్లీ అదే చోటా అని పిల్లలు మొదట్లో గునిశారు. రెండో రోజు వాళ్లే అక్కడ ఆట పెట్టుకున్నారు.

బస గురించి: మెట్రో స్టేషనుకు పది నిమిషాల నడకలో ఉండాలి, లిఫ్టు ఉండాలి, లేదా కింది అంతస్తు గది ఇస్తామని ఫోనులో గట్టిగా ఒప్పించుకోవాలి. మేం కరోల్ బాగ్‌లో దిగాం. మెట్రోలో లిఫ్టులున్నాయి, ముందు పెట్టె ఆడవాళ్లది. అయినా రాజీవ్ చౌక్ లాంటి చోట లైను మారడమంటే జనంలో చాలా నడక. ఆఫీసు వేళల్లో పెద్దవాళ్లతో అటు పోవద్దు. స్టేషను బయట ఎవరైనా ‘మీ హోటలు మూసేశారు, మీ టికెట్టు రద్దయింది, మా ఆఫీసుకు రండి’ అంటే ఆగకండి, మాట కలపకండి. అందరి ఆధార్ కార్డులూ ఒకరి దగ్గరే ఉంచండి.

తిండికి సకినాలు, సర్వపిండి, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, పల్లిపొడి కట్టుకుని పోయాం. రైలుకు, మొదటి రోజుకు అవి సరిపోయాయి. అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో అన్నం, పప్పు, పచ్చడి తిన్నరోజు అమ్మ ముఖం తేటపడింది. ఒక పూట బంగ్లా సాహిబ్ గురుద్వారాలో పంక్తిలో కూర్చుని లంగరు తిన్నాం. నీళ్లు బయట కొనుక్కోండి, ఆ ఖర్చుకు వెనకాడొద్దు.

ఈ పద్ధతి ఢిల్లీ ఒక్కదానికే కాదు. కాట్మండూ పోవాలంటే మనకు పాస్‌పోర్టు లేకపోయినా ఓటరు కార్డు చాలు. పశుపతినాథుని దర్శనం ఒక్కటే పెట్టుకుని నాలుగు రోజులు ఉండండి. బ్యాంకాక్ అయితే రాజభవనంలోకి మోకాళ్లు, భుజాలు కప్పే బట్టలుంటేనే రానిస్తారు. పిల్లల నిక్కర్లు పనికిరావు, గేటు దగ్గర తెలిస్తే ఆ పూట పోయినట్టే. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పిలిస్తే మస్కట్ పోయే తల్లిదండ్రులు ఇప్పుడు మా దిక్కు ఒకరిద్దరు కనబడుతున్నారు. ఆ కొడుక్కి నేను చెప్పేదొకటే. నువ్వు కట్టిన భవనం ముందు మీ నాన్నను తీసుకుపోయి నిలబెట్టు, అది ఏ జాబితాలోనూ ఉండదు.

మేం తాజ్ మహల్ చూడలేదు. వచ్చేటప్పుడు ఆగ్రాలో రైలు ఆగింది కూడా. దిగితే ఒక రోజు, ఇంకో గది, ఇంకో నడక. అప్పటికే ఐదు రోజులైంది, రైలెక్కుతూ అమ్మ నడుం పట్టుకుంది. దిగలేదు. కుతుబ్ మినార్ మళ్లీ మిగిలిపోయింది, అక్షరధామ్ మిగిలిపోయింది. పాప వాటి పేర్లు తన నోటుబుక్కు చివరి పేజీలో రాసుకుంది.

ఊరికి వచ్చిన మర్నాడు పొద్దుగూకే వేళ మా అరుగు మీద ఇరుగుపొరుగు ఆడవాళ్లు చేరారు. ‘కుతుబ్ మినార్ చూసిన్రా వదినా?’ అని అడిగింది పక్కింటామె. ‘లే, చూడలే’ అంది అమ్మ. ‘తాజ్ మహల్?’ ‘అదీ చూడలే.’ వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, అరచేతిని అడ్డంగా పట్టి, ఉందా లేదా అన్నంత వంచి చూపిస్తూ, ‘గాడ ఒక కాల్వ ఉన్నదే అవ్వా...’ అని మొదలుపెట్టింది. నేను లోపల సంచులు సర్దుతున్నాను. దీపం పెట్టే వేళ దాటినా ఆ మాట ఇంకా నడుస్తూనే ఉంది.